చన్నీళ్లు కలుపు

మా ఆయన మీరా హుస్సేన్ చేతిలో పడిన వస్తువు బాగుపడకుండా బయటికి రాదు. గొప్పలు పోతున్నానని అనుకునేవాళ్లు అనుకోవచ్చు. ఆయన పెళ్లాన్ని, రహమత్‌ను నేను. ఆ మాత్రం గొప్ప నేను చెప్పుకోకపోతే పక్కింటివాళ్లు వచ్చి చెబుతారా? రాయచోటి దగ్గర మా ఊళ్లో మూగబోయిన రేడియోలను పలికించింది ఆయనే, మొరాయించిన కుట్టుమిషన్లను దారికి తెచ్చింది ఆయనే. అల్ ఐన్‌లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా కుదిరాక, ఆ ఇంటి కార్లతో పాటు ఇస్త్రీపెట్టెలూ ఫ్యాన్లూ కూడా ఆయన చేతి కోసం ఎదురు చూసేవి. అలాంటి మనిషిని ఒక గీజర్ ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్లు తాగించింది.

అది ఎనభై మూడో సంవత్సరం చలికాలం. నేనూ అదే ఇంట్లో పనిచేసేదాన్ని. మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, పేరు సాలెం. ఆయన తల్లిని చూసుకోవడం నా పని. ఆమెను అందరూ ఉమ్మ్ సాలెం అనేవాళ్లు, సాలెం తల్లి అని. ఎడారి గుడారాల్లో పుట్టి, ఒంటెల మధ్య పెరిగిన మనిషి. కొడుకు పాలరాతి ఇల్లు కట్టించినా చలికాలం రాగానే ఆమె మనసు ఆ ఇంట్లో నిలిచేది కాదు. ఇసుకలోకి పోతానని ఏటా పట్టుబట్టేది. నీ మోకాళ్లు చూసుకో అమ్మా అని కొడుకు ఏటా అడ్డుపడేవాడు.

ఆ ఏడు తల్లీకొడుకులు ఒక ఒప్పందానికి వచ్చారు. దేశం వదిలిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర సాలెం అమెరికా కారవాన్ కొన్నాడు. జీపు వెనక తగిలించి లాక్కుపోయే ఇల్లు అది. లోపల మంచం, పొయ్యి, స్నానాల గది, గ్యాస్‌తో నీళ్లు కాచే గీజర్, అన్నీ ఉన్నాయి. మోకాళ్ల మీద రోజూ బాగా కాగిన నీళ్లు ధారగా పడాలని డాక్టరు చెప్పి ఉన్నాడు. అందుకని సాలెం ఒకే ఒక షరతు పెట్టాడు.

"ఈ గీజర్ వేడినీళ్లు ఇచ్చినన్నాళ్లు నువ్వు ఇసుకలో ఉండు. నీళ్లు చల్లబడ్డాయంటే ఖలాస్, కారవానూ ఇంటికే, నువ్వూ ఇంటికే."

ఉమ్మ్ సాలెం కొడుకు చేతిలో చెయ్యి వేసి సరేనంది. ఆమె అరబ్బీలో మాట్లాడేది, నేను మన మాటల్లో చెబుతున్నాను. ఏ భాషలో ఇచ్చినా ఆమె మాట ఇచ్చిందంటే ఇచ్చినట్టే.

అల్ ఐన్ దాటి, ఖర్జూరపు తోటలు ఆగిపోయి ఇసుక దిబ్బలు మొదలయ్యే చోట కారవాన్ నిలబెట్టారు. దాని పక్కనే మా ఇద్దరికీ ఒక గుడారం. ఆ గుడారం గురించి చెప్పాలి. పట్నంలో ఆ పెద్దింట్లో డ్రైవర్ల గదులు గేటు పక్కన, ఆడవాళ్ల గదులు మేడ మీద. మేము మొగుడూ పెళ్లాలమే అయినా అక్కడ దూరపు చుట్టాల్లా పలకరించుకునేవాళ్లం. ఆయన గేటు దగ్గర కారు తుడుస్తుంటే నేను మేడ మీద బట్టలు ఆరేస్తూ చూసేదాన్ని. అంతే కాపురం. ఇక్కడ ఒకే కప్పు కింద పడుకున్నాం, ఒకే పళ్లెంలో తిన్నాం, కడుపునిండా పోట్లాడుకున్నాం. ఆ కారవాన్ వెనక్కి పోతే మా కాపురమూ వెనక్కి పోతుంది. నాకు ఆ భయం తప్ప ఇంకో భయం లేదు.

మొదట్లో నీళ్లు పొగలు కక్కుతూ వచ్చేవి. అప్పుడే మా ఆయన తన పనితనం చూపించాడు. కారవాన్ బయటివైపు గోడకు ఒక చిన్న తలుపు ఉంది. తీస్తే లోపల వేడినీళ్లకొకటి, చన్నీళ్లకొకటి రెండు కొళాయిలు, రెంటికీ కలిపి ఒక రబ్బరు గొట్టం, దాని చివర షవరు. సముద్రం ఒడ్డున తిరిగొచ్చి కాళ్లు కడుక్కోవడానికి అమెరికావాళ్లు పెట్టుకున్నారేమో. ఉమ్మ్ సాలెంకు ఆ చోటు తెగ నచ్చింది. నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కునే వజూ అక్కడే చేసేది, కాళ్ల కింద ఇసుక తగలాలని. కానీ ఆమె వేళ్లు కూడా మోకాళ్ల లాంటివే. రెండు కొళాయిలు తిప్పి, నీళ్లు సరిచూసుకుని, మళ్లీ తిప్పి కట్టేయాలంటే ప్రాణం పోయేది. అయినా నన్ను పిలిచేది కాదు. పిలవకముందే పోతే కసిరేది.

ఇదంతా చూసి మా ఆయన పట్నంలో సూక్‌కు, అంటే బజారుకు పోయి మీట ఉన్న షవరు తెచ్చాడు. నొక్కితే నీళ్లు, వదిలితే ఖలాస్. ఆమె ఒంటికి ఎంత వెచ్చదనం కావాలో అడిగి రెండు కొళాయిలనూ అంతకు సరిగ్గా తెరిచి పెట్టాడు. ఎవరూ కదిలించకుండా వాటి పిడులు ఊడదీసి తన పనిముట్ల పెట్టెలో పడేశాడు.

"ఇంగ తిప్పేది లేదు, నొక్కేదే," అన్నాడు చేతులు దులుపుకుంటూ.

ఉమ్మ్ సాలెం నొక్కింది, వదిలింది, మళ్లీ నొక్కింది. చుట్టుపక్కల గుడారాల ఆడవాళ్లు కాఫీకి వచ్చినప్పుడల్లా వాళ్లను అక్కడికి తీసుకుపోయి నొక్కి చూపించేది. "ఇది అమెరికావాడు చేసింది కాదు, నా హుస్సేన్ చేశాడు," అనేది. ఆ మాట విని నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఆ రోజు మా ఆయన పళ్లెంలో మాంసం ముక్కలు కాస్త ఎక్కువే పడ్డాయి.

తర్వాత చలి ముదిరింది. స్నానం నీళ్లు గోరువెచ్చనయ్యాయి. చలికి అలాగే ఉంటుందిలే అనుకున్నాం. శుక్రవారం తల్లితో భోజనానికి వచ్చిన సాలెం వంటింటి కొళాయి కింద చేతులు కడుక్కుంటూ ఆగిపోయాడు.

"ఏంటమ్మా ఈ నీళ్లు?"

ఆమె అన్నం పళ్లెం అతని వైపు జరిపింది.

"వచ్చే శుక్రవారం చూస్తాను. ఇలాగే ఉంటే బండి కట్టేద్దాం."

నేను ఆ సాయంత్రమే పొయ్యి మీద పెద్ద గిన్నె ఎక్కించాను. చాటుగా కాచి పోస్తే ఎవరికి తెలుస్తుంది? ఉమ్మ్ సాలెం గిన్నె చూసి, "నేను మాట ఇచ్చింది గీజర్ మీద. గిన్నె మీద కాదు. దించు," అంది. దించాను.

ఇక మా ఆయన గీజర్ మీద పడ్డాడు. ముందు గ్యాస్ తక్కువుందని సిలిండర్ మార్చాడు. నీళ్లు అలాగే ఉన్నాయి. మంట వచ్చే సూది బెజ్జంలో ఇసుక చేరిందని విప్పి ఊదాడు. మంట నీలంగా, నిండుగా మండింది. నీళ్లు మాత్రం గోరువెచ్చనే. ఇక్కడి బావినీళ్లలో సున్నం ఎక్కువ, అది పేరుకుపోయిందని గీజర్ మొత్తం ఖాళీ చేశాడు. తెల్ల పెళ్లలు గంపెడు వచ్చాయి. ఆయన మొహం వెలిగింది. మళ్లీ నింపి, వెలిగించి, కొళాయి తిప్పితే అవే నీళ్లు. ఆయన మొహం ఆరిపోయింది.

పక్క తోటలో పనిచేసే లచ్చన్న మాకు రోజూ నీళ్ల ట్యాంకు నింపేవాడు. ఆ ట్యాంకు నీళ్లను ఒక చిన్న మోటారు కారవాన్ పైపుల్లోకి తోసేది. కరీంనగర్ వైపు మనిషి. ఆయన కాసేపు చూసి, "ఓ హుస్సేన్ భాయ్, పైపులకు సలి వెడ్తున్నట్టున్నది. గోనెసంచులు సుట్టరాదె," అన్నాడు.

మా ఆయన కారవాన్ కింద దూరి పైపులన్నిటికీ గోనెలు చుట్టాడు. బయటికి వచ్చేసరికి ఆయన గడ్డం నిండా ఇసుకే.

"ఏమన్నా కాగినాయా మే?" అని అడిగాడు.

"పైపులకు దుప్పట్లు కప్పితే అవి నిద్రపోతాయి గానీ నీళ్లు యాడ కాగుతాయి?" అన్నాను.

ఆ కోపంలోనే బట్టలు ఉతకడానికి బకెట్ తీసుకుని గీజర్ అడుగున మడ్డి వదిలే చిన్న కొళాయి తిప్పాను. దాని నీళ్లూ గోరువెచ్చనే కదా అని చెయ్యి పెట్టాను. చెయ్యి కాలిపోయింది. కెవ్వుమన్నాను. మా ఆయన పరిగెత్తుకొచ్చి చేతికి చన్నీళ్లు పోస్తుంటే నేను ఆ బకెట్ వైపే చూస్తున్నాను. పొగలు కక్కుతోంది.

"ఏమయ్యా, గీజర్ బాగనే కాస్తాండాదే. ఈడ ఉడుకునీళ్లు, ఆడ లోపల సల్లనీళ్లు. నడాన దారిలో ఎవరో సల్లనీళ్లు కలపతాండారు."

"ఎవరు కలపతారు మే? కొళాయిలన్నీ కట్టేసే ఉండాయి కదా."

అన్నాడు గానీ ఆలోచనలో పడ్డాడు. వస్తువు ముందు నిలబడి ఆలోచిస్తున్నప్పుడు ఆయన కింది పెదవి కొరుకుతాడు. కాసేపటికి ఒక పని చేశాడు. గీజర్‌లోకి చన్నీళ్లు పోయే పైపుకు ఉన్న బిరడా కట్టేశాడు. లోపలికి నీళ్లు పోకపోతే బయటికి నీళ్లు రాకూడదు. నన్ను స్నానాల గదిలోకి పోయి వేడినీళ్ల కొళాయి తిప్పమన్నాడు. తిప్పాను. నీళ్లు ఆగలేదు. సుబ్బరంగా పారుతూనే ఉన్నాయి, అదీ మంచులాంటి చన్నీళ్లు.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గీజర్ నోరు కట్టేసినా వేడినీళ్ల కొళాయిలోకి నీళ్లు వస్తున్నాయంటే, అవి ఇంకో దారిన దూరుతున్నాయి. ఆ దారి కనిపెట్టాలి. నేను కొళాయి అలాగే వదిలేసి కారవాన్ కింద కూర్చుని, గోనెలు లాగేసి, వేడినీళ్ల పైపు వెంట చెయ్యి పెట్టుకుంటూ పోయాను. గీజర్ దగ్గర పైపు కాలుతోంది. పోనుపోను చల్లబడుతోంది. చివరికి బయటి గోడ తలుపు దగ్గరికి వచ్చేసరికి జిల్లుమంది.

తలుపు తీశాను. పిడులు లేని కొళాయిలు రెండూ కనబడ్డాయి. వాటి కింద మా ఆయన పెట్టిన మీట షవరు వేలాడుతోంది.

ఇది చెప్పాలా? కానీ నా నోటికి ఆగే అలవాటు లేదు.

"ఈ రెండు కొళాయిలూ తెరిచే ఉండాయి కదా?"

"తెరిచే ఉండాయి. కొసన మీట మూసుకుంటాది కదా."

"కొస మూసుకుంటాది. నడాన రెండూ ఒగదానికొగటి కలిసే ఉండాయి కదయ్యా. మోటారు తోసే సల్లనీళ్లు ఇట్లొచ్చి, బయటికి పోను దారి లేక, ఈ ఉడుకునీళ్ల పైపులోకి ఎక్కుతాండాయి."

ఆయన పెట్టెలోంచి పిడులు తెచ్చి రెండు కొళాయిలూ కట్టేశాడు. గీజర్ బిరడా తెరిచాడు. లోపలికి పోయి వేడినీళ్లు తిప్పాడు. స్నానాల గది అద్దం ఆవిరితో తెల్లబడింది. సంతోషించాల్సిన మనిషి అద్దం ముందు దిగాలుగా నిలబడ్డాడు. తన చేతిపని మొత్తంలోకి బాగా మెచ్చుకోలు పొందింది ఆ మీటే. తప్పూ దానిదే అయింది.

మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజుకు వేళయింది. ఉమ్మ్ సాలెం తన పీట వేసుకుని, గొట్టం పట్టుకుని మీట నొక్కింది. చుక్క రాలేదు. నా వైపు చూసింది. నేను ఉన్నదంతా చెప్పాను. ఇక నుంచి వజూ చేసినప్పుడల్లా కొళాయిలు తెరిచి, అయ్యాక కట్టేయాలని, నేనే వచ్చి తిప్పుతానని చెప్పాను.

"వద్దు," అంది ఆమె. "ఈ మీట వచ్చాక నేను ఎవరి సాయం లేకుండా నమాజుకు నిలబడుతున్నాను. అది వదులుకోను. కొళాయిలు తెరిచి పెట్టండి."

"నీళ్లు మళ్లీ చల్లబడతాయి ఉమ్మీ. శుక్రవారం సాలెం బాబా బండి కట్టేస్తాడు."

"కట్టనీ. వేడినీళ్ల కోసం ఇంకొకరి చెయ్యి అడగను. దానికంటే ఇంటికి పోవడమే నయం."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆమె పంతం ఆమెది, బాగానే ఉంది. నా కాపురం సంగతో? కానీ ఆ వంకర వేళ్లు మీట మీద అలా బిగుసుకుని ఉండటం చూశాను. ఆమె స్థానంలో నేనున్నా అదే మాట అనేదాన్ని. మా ఆయన కొళాయిలు మళ్లీ తెరిచి, తోట వైపు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత జరిగింది నాకు లచ్చన్న చెప్పాడు. ఆయన బావి దగ్గర ఇంజిన్ గొట్టం పైకి లాగి, కొసన ఉండే ఫుట్‌వాల్వ్ తోలు మారుస్తున్నాడట. మా ఆయన పోయి పక్కన కూలబడ్డాడట.

"ఏమైంది భాయ్, మొకం గట్ల వెట్టినవ్?"

లచ్చన్న తన పని చేసుకుంటూ, "ఈ తోలు తునిగిపోతే ఎక్కిన నీళ్లన్ని మల్ల బాయిలకే దిగుతయ్. గింత తోలుముక్క, నీళ్లను ఎనుకకు రానియ్యదు సూడు," అన్నాడట.

అంతే, మా ఆయన లేచి పరుగు తీశాడట. "దయ్యం పట్టిందేమో అనుకున్న చెల్లే," అన్నాడు లచ్చన్న.

దయ్యం కాదు. ఊళ్లో మా మామ బావి దగ్గర ఆయన చిన్నప్పటి నుంచీ చూసిన ఫుట్‌వాల్వే అది. నీళ్లను ముందుకు పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. తెల్లారగానే ఆయన పట్నం పోయి, అదే పని చేసే చిన్న ఇత్తడి వాల్వులు రెండు తెచ్చాడు. బొటనవేలంత ఉన్నాయి. ఒకటి వేడినీళ్ల పైపుకు, ఇంకొకటి చన్నీళ్ల పైపుకు, ఆ కొళాయిల వెనకే బిగించాడు. రెండు నీళ్లూ షవరు వైపు రావచ్చు. ఒకదాని పైపులోకి ఇంకొకటి ఎక్కడానికి మాత్రం వీల్లేదు. పిడులు మళ్లీ పెట్టెలోకి పోయాయి.

ముందు ఉమ్మ్ సాలెం చేత మీట నొక్కించాడు. ఆమెకు కావాల్సిన వెచ్చదనంతో నీళ్లు వచ్చాయి. తర్వాత నన్ను లోపలికి పంపాడు. నేను కొళాయి తిప్పి, కాలిన చెయ్యి కాకుండా ఇంకో చెయ్యి పెట్టాను. అదీ కాలింది. నేను ఆ గదిలోనే నిలబడి గట్టిగా నవ్వాను. మా ఆయన తప్పు చేశాడు, నిజమే. ఆ తప్పును దాచలేదు, చేసిన మేలును పీకేయలేదు. రెండూ నిలబెట్టాడు. ఆ రోజు ఆయన్ని చూసి నాకు కలిగిన గర్వం ఆ కారవాన్‌లో పట్టేది కాదు.

శుక్రవారం సాలెం వచ్చాడు. కూర్చోకుండానే స్నానాల గదిలోకి పోయి కొళాయి తిప్పాడు. మరుక్షణం వేళ్లు విదిలించుకుంటూ బయటికి వచ్చి నవ్వేశాడు. ఎవరు బాగుచేశారని అడిగాడు.

"తప్పు చేసింది హుస్సేన్," అంది ఉమ్మ్ సాలెం, "పట్టుకుంది వాడి పెళ్లాం, దిద్దింది మళ్లీ హుస్సేనే. అదీ నా మీట తీయకుండా." కొడుకును చెయ్యి పట్టి తీసుకుపోయి మీట నొక్కి చూపించింది. అతను అది ఎన్నోసారి చూడటమో.

సాలెం మా ఆయన భుజం తట్టాడు. "శాబాష్ హుస్సేన్! నీలాంటివాడు ఈ ఇసుకలో ఎందుకు? ఇంట్లో మేడ మీద గీజర్లన్నీ ఏడుస్తున్నాయి. యల్లా, పద, రేపే వచ్చెయ్. ఇక్కడికి ఇంకో డ్రైవర్ని పంపిస్తాను."

నేను అన్నం తట్ట పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. ఇంత చేసింది దీని కోసమా? మా ఆయన తల వంచుకున్నాడు. కఫీల్ రమ్మంటే రానని ఎలా అంటాడు?

"హుస్సేన్ రాడు," అంది ఉమ్మ్ సాలెం.

"ఎందుకమ్మా?"

"నీ ఇంట్లో వాడు గేటు దగ్గర, ఇది మేడ మీద. ఎప్పుడైనా చూశావా నువ్వు? నేను చూశాను. ఇది బట్టలు ఆరేస్తూ కిందికి చూసేది. మేము గుడారంలో ఖర్జూరాలు తిని బతికిన రోజుల్లో కూడా మొగుణ్ణీ పెళ్లాన్నీ వేరుచేసి పడుకోబెట్టలేదు. వీళ్లిద్దరూ చలి పోయేదాకా నా దగ్గరే ఉంటారు. మేము తిరిగొచ్చేలోపు నీ తోటలో వీళ్లకొక గది కట్టించు. గది లేకపోతే నేనూ రాను."

నేను ఆమెతో ఒక్కనాడు కూడా ఆ మాట అనలేదు. నా బాధ నా ఒక్కదానికే తెలుసనుకున్నాను. తట్ట కింద పెట్టి కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

సాలెం వంగి తల్లి నుదురు ముద్దు పెట్టుకున్నాడు. "సరే అమ్మా, కట్టిస్తాను," అన్నాడు. అతనూ ఆమె కొడుకే. మాట తప్పలేదు.

ఆ సాయంత్రం ఉమ్మ్ సాలెంను స్నానాల గదిలో పీట మీద కూర్చోబెట్టి మోకాళ్ల మీద నీళ్లు వదిలాను. ఆమె ఒక్కసారి కాళ్లు వెనక్కి తీసుకుంది.

"రహమత్, చన్నీళ్లు కలుపు. కాలుతోంది!"

నేను చన్నీళ్లు తిప్పి, బయట గుడారం తాళ్లు బిగిస్తున్న మా ఆయనకు వినబడేలా అరిచాను.

"ఏమయ్యా, వింటాండావా? కాలతాందంట! సల్లనీళ్లు కలపాలంట!"

"ఇంగోసారి చెప్పు మే, సరిగ్గా ఇనపళ్లా," అని కేకేశాడు.

బాగా వినబడిందని నాకు తెలుసు. అయినా ఇంకోసారి చెప్పాను, ఇంకా గట్టిగా.